బట్టతలకు మందున్నదా?

నిజాంపేట రోడ్డు మీద సాయంకాలం ఏడు గంటల తరువాత నాలుగడుగులు నడిచినవారికి రెండు రకాల బోర్డులు పదే పదే కనబడతాయి. ఒకటి యువకుల వసతి గృహాలవి. రెండవది కేశచికిత్సాలయాలవి. మొదటి దానిలో నివసించేవాడే రెండవ దానికి ఖాతాదారు. హైటెక్ సిటీ నుండి, గచ్చిబౌలి నుండి మోటారు సైకిలు మీద ఇల్లు చేరిన కుర్రవాడు హెల్మెట్ తీసి, లోపలి గుడ్డకు అంటుకొన్న వెండ్రుకలు లెక్క చూసుకొని, నిట్టూర్చి మేడ మెట్లెక్కుతాడు. ఆ లెక్క పది దాటిన రాత్రి వానికి అన్నం సయించదు.

మా అక్కయ్య కుమారుడు అటువంటివాడే. తెనాలి నుండి వచ్చినాడు. వయస్సు ఇరవై ఎనిమిది. ముగ్గురు మిత్రులతో కలిసి నిజాంపేటలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకొన్నాడు. కిందటి ఏడు ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, చేయి కడుగుకొన్న తరువాత, మా ఆవిడ వంటింటిలోకి పోయేదాకా ఆగి, "మామయ్యా, ఇదంతా ఇక్కడి బోరునీళ్ళ వల్లనే అంటావా?" అని తల వంచి చూపినాడు. నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర పలుచబడి చర్మం తెలుస్తున్నది. మాఘమాసంలో పెళ్ళి నిశ్చయమై ఉన్నది. మాట సాగిన కొలదీ మరొక సంగతి బయటపడినది. ఐదు నెలలుగా ఒక చికిత్సాలయం వారిచ్చిన మాత్ర రోజుకొకటి వేసుకొంటున్నాడు. దాని పేరేమని అడిగితే "జుట్టు మాత్ర" అన్నాడు. అంతకు మించి తెలియదు. ఇటీవల నిద్ర సరిగా పట్టడం లేదనీ, దేనిమీదా ఉత్సాహం లేదనీ కూడా నసిగినాడు.

నేను వైద్యుణ్ణి కాను. రేడియోలో మాటాడేవాని నెత్తి శ్రోతలకు కనబడదు గనుక ఈ విషయంలో నా అర్హత ఏమిటో దాచవచ్చును, కాని దాచను. ముప్పదియైదవ ఏటికే నా నుదురు వెనుకకు జరిగినది. మేనమామ పోలిక వచ్చినదని అక్కయ్య నన్నే నిందించినది. అందులో సగం న్యాయమున్నది. ఆ మాట తరువాత చెప్తాను.

ముందు నీళ్ళ సంగతి. పశ్చిమ హైదరాబాదులో కొత్తగా లేచిన కాలనీలలో బోరునీరు కఠినజలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో ఎక్కువ. సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లని పొర కడుతుంది, వెండ్రుక గరుకెక్కి మధ్యలో తెగవచ్చును. ఇదంతా నిజమే. కాని వెండ్రుక పుట్టేచోటు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉన్నది. పైన పోసిన నీరు అక్కడికి దిగదు. "ఒరే, అవే నీళ్ళు నీ చెవుల పక్కన పడలేదా? మెడ వెనుక పడలేదా? అక్కడ జుట్టు ఒత్తుగానే ఉన్నదేమి?" అని అడిగినాను. వాడు మెడ వెనుక తడుముకొని చూసుకొన్నాడు. హెల్మెటుకూ, ఎయిర్ కండిషనరుకూ ఇదే సమాధానం. దోషం నీటిదైతే తల అంతా ఒకే తీరుగా చెడవలె. నుదుటి రెండు మూలలా, నడినెత్తినా మాత్రమే ఒక పటం గీసినట్లు పలుచబడదు.

ఆ పటం గీసేది మన రక్తంలో తిరిగే ఒక రసం. మనిషి తలమీద సుమారు లక్ష వెండ్రుకలుంటాయి. ప్రతి వెండ్రుకకూ ఒక జీవితచక్రమున్నది. రెండు మొదలు ఆరు సంవత్సరాలు పెరుగుతుంది. రెండు మూడు వారాలు ఆగుతుంది. మూడు నెలలు విశ్రమిస్తుంది. ఆ పైన రాలి, అదే రోమకూపంలో కొత్త వెండ్రుక మొలుస్తుంది. కనుక రోజుకు 50 నుండి 100 వెండ్రుకలు రాలడం ఆరోగ్య లక్షణమే. బట్టతలలో జరిగేది వెండ్రుకలు ఊడిపోవడం కాదు, రోమకూపం కృశించడం. ప్రతి చక్రంలోనూ పెరిగే కాలం తగ్గుతుంది, వెండ్రుక సన్నబడుతుంది. చివరకు నల్లని దారం వంటి వెండ్రుకకు బదులు పసిబిడ్డ నూగు వంటిది మిగులుతుంది. కూపం మాత్రం చాలాకాలం బ్రతికే ఉంటుంది. మందు పనిచేసేదంతా ఈ నడిమి కాలంలోనే. నున్నగా మెరుస్తున్న నెత్తిమీద పూసిన ఔషధం బూడిదలో పోసిన పన్నీరు.

ఇట్లు కృశింపజేసేదేమిటి? వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదని గ్రీకు వైద్యులు ప్రాచీనకాలంలోనే గమనించినారు. మన ఆయుర్వేదం ఖాలిత్యమని దీనిని వర్ణించినది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి నిర్ధారణ చేసినాడు. యౌవనానికి ముందే పుంస్త్వగ్రంథులు పనిచేయని పురుషులకు బట్టతల లేదు. వారిలో వంశంలో బట్టతల ఉన్నవారికి టెస్టోస్టిరోన్ ఇచ్చినప్పుడు వచ్చినది. వంశమూ కావలె, రసమూ కావలె. రెండూ కలిస్తేనే బట్టతల. టెస్టోస్టిరోన్ మన దేహంలో ఐదు-ఆల్ఫా రిడక్టేజ్ అనే పాచకద్రవ్యం వల్ల మరింత తీవ్రమైన డైహైడ్రో టెస్టోస్టిరోన్‌గా మారుతుంది. నెత్తి ముందు భాగపు కూపాలు దీనికి లొంగుతాయి, చెవుల పక్కవి లొంగవు. బట్టతలవారికి పుంస్త్వం అధికమని ఒక ఊరట మాట ఉన్నది గాని, దానికి ఆధారం లేదు. రసం అందరిలోనూ ఉన్నదే, లొంగడంలోనే తేడా.

లొంగే గుణం వంశాన వస్తుంది. దీనిలో ముఖ్యమైన ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. పురుషునికి ఎక్స్ తల్లి నుండే వస్తుంది. తల్లికీ, ఆమె తోబుట్టువుకూ అది ఒకే మూలం నుండి వచ్చి ఉండవచ్చును గనుక మేనమామ పోలిక అన్న మాటకు కొంత ఆధారం దొరికినది. కాని తక్కిన జన్యువులు అనేకం తండ్రి వైపు నుండి కూడా వస్తాయి. మా బావగారి నెత్తి చూసినవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. అక్కయ్యకు మాత్రం నేను చెప్పలేదు.

జుట్టు రాలుట అంతా బట్టతల కాదని కూడా ఇక్కడే చెప్పవలె. టైఫాయిడు, డెంగీ వంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు తలంతా కుప్పలుగా రాలడం ఉన్నది. అది దానంతటదే తిరిగి వస్తుంది. గుండ్రంగా అణా కాసంత మేర ఒక్కసారి నున్నబడితే అది పేనుకొరుకుడు. దాని కారణం వేరు, చికిత్స వేరు. థైరాయిడు దోషం వల్లనూ, ఇనుము తక్కువై రక్తం పలుచబడుట వల్లనూ రాలవచ్చును. ఏది ఏదో తేల్చకుండా మాత్రలిచ్చేవారి వద్ద జాగ్రత్తగా ఉండవలె.

ఇక మందులు. పురుషుల బట్టతలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మందులు రెండే: పైన పూసే మినాక్సిడిల్, నోట మింగే ఫినాస్టిరైడ్. అమ్మకపు పేర్లు చెప్పడం మా వృత్తిలో సంప్రదాయం కాదు. అసలు పేర్లే చెప్తున్నాను. సీసా మీద చిన్న అక్షరాలలో ఉండేవి ఈ పేర్లే. రెండూ జుట్టు కోసం పుట్టినవి కావు.

మినాక్సిడిల్ రక్తపు పోటుకు అప్‌జాన్ అనే అమెరికా సంస్థ తయారు చేసిన మాత్ర. 1970 దశకం మొదట్లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ మందు పరీక్షకు తీసుకొంటున్న రోగులకు ఒంటినిండా, ముఖం మీద కూడా రోమాలు మొలిచినవి. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడమని మనం పరిహసిస్తాము; ఆ ముడి నిజంగా పడినది. అక్కడి చర్మవైద్యుడు గుంటర్ కాన్, ఆయన సహచరుడు పాల్ గ్రాంట్ మాత్రను ద్రవంగా చేసి పైన పూసి చూసినారు. పోటు మాత్రగా దానికి 1979లో అనుమతి లభించినది. తలకు పూసే రెండు శాతం ద్రావకానికి 1988లో. 1997లో ఐదు శాతం ద్రావకం వచ్చినది. 393 మంది పురుషులపై 48 వారాలు జరిపిన పరీక్షలో రెండు శాతం దానికంటె ఐదు శాతం మందుతో తిరిగి మొలిచిన జుట్టు 45 శాతం అధికమని తేలినది.

ఇది రసాన్ని అడ్డదు. పెరిగే దశను పొడిగించి, కూపాన్ని మేల్కొలుపుతుంది. తలచర్మంలోని ఒక పాచకద్రవ్యం దీనిని మార్చిన తరువాతనే ఇది పనిచేస్తుంది. ఆ ద్రవ్యం తక్కువగా ఉన్నవారికి ఎన్ని సీసాలు పోసినా ఫలం స్వల్పం. ద్రావకమైతే ఉదయం ఒక మి.లీ., రాత్రి ఒక మి.లీ. పొడి తలమీద, జుట్టుకు గాక చర్మానికి తగిలేటట్లు పూయవలె. మొదటి రెండు నెలలలో జుట్టు మరింత రాలుతుంది! విశ్రాంతిలో ఉన్న పాత వెండ్రుకలను కొత్తవి నెట్టడం వల్ల ఇది జరుగుతుంది. మన కుర్రవారు సగంమంది ఇక్కడే హడలిపోయి సీసా కిటికీలో నుండి పారవేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నెలలైనా కావలె. తీర్పు చెప్పడానికి సంవత్సరం. మానివేస్తే మూడు నాలుగు నెలలలో మొలిచినదంతా రాలి, మందే లేకపోతే ఎట్లుండేదో ఆ స్థితికి వస్తుంది.

చర్మం దురద పెట్టడం, పొట్టు లేవడం కొందరికి ఉంటుంది. గుండెదడ, కాళ్ళవాపు కలిగితే వెంటనే మానవలె. మూలతః ఇది రక్తనాళాలను విప్పే మందు. తండ్రి తలకు పూసుకొన్న మందు ఎత్తుకొన్న పసిబిడ్డకు అంటి బిడ్డ ఒంటిమీద రోమాలు మొలిచిన సందర్భాలు ఐరోపాలో నమోదైనవి. మందు ఆపిన తరువాత ఆ రోమాలు పోయినవి. ఇంట పిల్లి ఉన్నవారికి మరొక మాట: మినాక్సిడిల్ పిల్లికి ప్రాణాంతకం. ఈ మందునే తక్కువ మోతాదులో మాత్రగా ఇచ్చే వాడుక ఇటీవల వైద్యులలో పెరిగినది. అది నియంత్రణ సంస్థ అనుమతించిన ఉపయోగం కాదు. గుండె సంగతి చూడకుండా దానిని వేసుకోరాదు.

ఫినాస్టిరైడ్ కథ కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో మొదలైనది. అక్కడ ఒక పల్లెలో ఆడపిల్లలుగా పెరిగిన కొందరు బిడ్డలు యుక్తవయస్సు రాగానే పురుషులయ్యేవారు. వారికి ఐదు-ఆల్ఫా రిడక్టేజ్ లోపమున్నదని 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెగిన్లీ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ప్రకటించినారు. పెద్దయిన తరువాత వారి ప్రోస్టేటు గ్రంథి చిన్నదిగానే ఉన్నది, బట్టతల లేదు. ఆ లోపాన్నే మందుగా చేయరాదా అని మెర్క్ సంస్థ శాస్త్రజ్ఞులు పూనుకొన్నారు. 1992లో ముసలివారి ప్రోస్టేటు వాపుకు 5 మి.గ్రా. మాత్ర, 1997 డిసెంబరులో బట్టతలకు 1 మి.గ్రా. మాత్ర అనుమతి పొందినవి.

ఈ మాత్ర రక్తంలో డైహైడ్రో టెస్టోస్టిరోన్‌ను సుమారు 70 శాతం తగ్గిస్తుంది. నడినెత్తి పలుచబడినవారిపై జరిపిన పరీక్షలో రెండేళ్ళ తరువాత, ఉన్న వెండ్రుకల లెక్క తగ్గనివారు మాత్ర వేసుకొన్నవారిలో నూటికి 83 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారిలో 28 మంది. ఉన్నది నిలుపుకోవడమే ఇందులో ప్రధాన లాభమని శ్రోతలు గ్రహించవలె. కొత్తగా మొలవడం దాని పైమాట. ఇదీ మానిన ఏడాదిలోపల మొదటికి వస్తుంది.

ఇప్పుడు మా మేనల్లుని మాత్ర సంగతికి వస్తాను. వానికి ఎవరూ చెప్పని విషయాలు ఇక్కడ ఉన్నవి. ఆ పరీక్షలలోనే మొదటి ఏడాది కామవాంఛ తగ్గడం, అంగబలం తగ్గడం వంటి లోపాలు చెప్పుకొన్నవారు మాత్ర వేసుకొన్నవారిలో వెయ్యికి 38 మంది, ఉత్తుత్తి మాత్రవారిలో 21 మంది. అధికసంఖ్యాకులకు ఏ బాధా లేదన్నమాట. బాధ కలిగినవారిలో ఎక్కువమందికి మానిన తరువాత పోయినది. కాని మానిన తరువాత కూడా పోలేదని చెప్పినవారున్నారు. 2012లో అమెరికాలో ఈ మాట మందు వివరపత్రంలో చేర్చినారు. 2025 మే నెలలో ఐరోపా ఔషధ సంస్థ మరొక నిర్ణయం ప్రకటించినది: ఫినాస్టిరైడ్ మాత్రల వల్ల ఆత్మహత్యా భావాలు కలగడం దుష్ఫలితంగా గుర్తింపవలసినదే, 1 మి.గ్రా. పెట్టెలో రోగికి ఆ విషయం చెప్పే చీటీ ఒకటి ఉంచవలె. ఎంత తరచుగా కలుగుతుందో లెక్క తేలలేదు. మాత్ర లాభం మాత్రం నష్టంకంటె అధికమే అని అదే సంస్థ చెప్పినది. మాత్ర మొదలుపెట్టిన తరువాత మనస్సు కుంగుతున్నట్లు తోస్తే, "పని ఒత్తిడి" అని సరిపెట్టుకొనక, మాత్ర ఆపి వైద్యునితో చెప్పవలె. ఇంతకుముందు మనోవ్యాధి ఉన్నవారు మొదటే చెప్పవలె. తల్లిదండ్రులు కూడా ఈ మాట ఎరిగి ఉండడం మంచిది. ఆదివారం వచ్చిన కుర్రవాడు ఎందుకు మాటాడడం లేదో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక ప్రమాదం పొదుపులో ఉన్నది. ప్రోస్టేటుకిచ్చే 5 మి.గ్రా. మాత్ర కొని కత్తితో నాలుగు ముక్కలు చేసుకొనేవారున్నారు. విరిగిన మాత్ర పొడి గర్భిణీ స్త్రీ చేతికి తగలరాదు. కడుపులో ఉన్నది మగశిశువైతే జననాంగాలు సరిగా ఏర్పడకపోవచ్చును. కొత్తగా పెళ్ళి అయిన ఇంటిలో ఇది గుర్తుంచుకోదగిన విషయం. మాత్ర వాడుతున్నవారు రక్తదానం చేసేముందు ఆ సంగతి చెప్పవలె. మానిన నెల తరువాతనే తీసుకోవడం అనేక దేశాలలో నియమం. నలభై దాటినవారు ప్రోస్టేటు కోసం రక్తపరీక్ష చేయించుకొంటే, పి.ఎస్.ఎ. అంకెను ఈ మందు సగానికి తగ్గించి చూపుతుంది. వైద్యునికి చెప్పకపోతే ఉన్న జబ్బు లేనట్లే కనబడవచ్చును. ఫినాస్టిరైడ్‌ను మినాక్సిడిల్‌తో కలిపి పూతమందుగా కూడా అమ్ముతున్నారు. పూతే గదా అని నిశ్చింతగా ఉండరాదు, అదీ రక్తంలో చేరుతుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ పూతమందుల విషయంలో హెచ్చరిక చేసినది. డుటాస్టిరైడ్ అనే మరింత బలమైన మాత్రను 2009లో దక్షిణ కొరియా, 2015లో జపాను బట్టతలకు అనుమతించినవి. అమెరికాలో దానికి ఆ అనుమతి లేదు.

ఇదంతా దూరదేశపు కథ అనుకోనక్కరలేదు. నిజాంపేటకు పొరుగూరు బాచుపల్లి. అక్కడ డాక్టర్ రెడ్డీస్ సంస్థవారి మాత్రల కర్మాగారాలున్నవి. ఆ సంస్థను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుమారుడు. బాలానగరులో సోవియట్ సహాయంతో లేచిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో ఆయన తొలిరోజులలో పనిచేసినారు. 2006లో ఫినాస్టిరైడ్ 5 మి.గ్రా. మాత్రకు అమెరికాలో పేటెంటు గడువు తీరినప్పుడు, మెర్క్ వారితో ఒప్పందం మీద దానిని అక్కడ సాధారణ నామంతో అమ్మినది ఈ హైదరాబాదు సంస్థే. తెనాలి నుండి నిజాంపేట వచ్చిన కుర్రవాడు మాత్ర పేరు తెలియక మింగుతున్నాడంటే నాకు మరింత కష్టం తోచినది ఇందుకే.

మన ప్రభుత్వ నియమమొకటి చాలామందికి తెలియదు. 1945 నాటి ఔషధ నియమావళికి "జె" అని ఒక అనుబంధమున్నది. ఏ మందూ నయం చేస్తానని గాని, రాకుండా ఆపుతానని గాని చెప్పుకోరాని వ్యాధుల పట్టిక అది. అందులో కాన్సరు, అంధత్వం మొదలైనవాటి సరసన బట్టతల కూడా ఉన్నది. "శాశ్వత పరిష్కారం" అని గోడమీద రాసినవాడు ఆ మాటతోనే తన్ను తాను పట్టి ఇచ్చుకొంటున్నాడు. అయినా 2025 ఏప్రిల్‌లో మన హైదరాబాదులోనే, గుండు చేసి ఏదో ద్రావకం పూస్తే జుట్టు మొలుస్తుందన్న మాట విని వందలమంది ఎండలో వరుసకట్టినారని పత్రికలలో చదివినాము. భర్తృహరి వర్ణించిన బట్టతలవాడు ఎండకు తాళలేక చెట్టు నీడకు పోయినాడు, పండు నెత్తిన పడినది. వీరు నీడ కూడా చూసుకోలేదు.

గుంటగలగరాకు నూనె మాటేమిటని కొందరు అడగవచ్చును. మా అమ్మగారు కాచేది. తల చల్లబడేది, నిద్ర పట్టేది, జుట్టు నిగనిగలాడేది. వంశాన వచ్చిన బట్టతలను అది ఆపినట్లు మినాక్సిడిల్ స్థాయి పరీక్షలలో రుజువు కాలేదు. మా వంశమే అందుకు సాక్ష్యం. బయోటిన్ మాత్రలు కూడా బయోటిన్ లోపం లేనివారికి ఉపకరిస్తాయని రుజువు లేదు. పైగా కొన్ని రక్తపరీక్షల ఫలితాలను అవి తారుమారు చేస్తాయి. జుట్టు నాటే శస్త్రచికిత్స వేరే ప్రసంగం. చెవుల వెనుక కూపం ఎక్కడికి మార్చినా తన గుణం విడువదన్న సూత్రాన్ని 1959లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ ప్రకటించినాడు. శ్రీనివాసుని తలపై దెబ్బతగిలినచోట జుట్టు మొలవకపోతే నీలాదేవి తన కురులు కోసి అతికించినదని తిరుమల స్థలకథ చెప్తుంది. ఆ కొండమీదనే లక్షలాది భక్తులు కల్యాణకట్టలో తమంతట తాము జుట్టు ఇచ్చి, నున్నని తలలతో సంతోషంగా దిగివస్తారు. అదే తల, పెళ్ళిచూపుల ఫోటోలో అయితే కంటనీరు. వస్తే కొండ, పోతే వెంట్రుక అన్న సామెత మా మేనల్లుని ముందు అనబోయి మానుకొన్నాను. వానికి పోయేది అదే గదా.

మరుసటి శనివారం వానిని ఒక చర్మవైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్ళినాను. ఆమె మాత్రల అట్ట వెనుక చిన్న అక్షరాలు చదివి ఫినాస్టిరైడ్ 1 మి.గ్రా. అన్నది. అది వైద్యుని చీటీ మీద ఇవ్వవలసిన మందు. వాని వద్ద ఉన్నది చీటీ కాదు, డబ్బు కట్టిన రసీదు. నిద్ర గురించీ, మనస్సు గురించీ ఇరవై నిమిషాలు అడిగి, నన్ను బయట కూర్చోబెట్టి మరికొంత అడిగి, మాత్ర అప్పటికి ఆపించినది. నెల తరువాత మళ్ళీ చూసి, ఐదు శాతం పూతమందు మాత్రమే రాసి ఇచ్చినది. నెలకొక ఫోటో, ఒకే దీపం కింద, ఒకే దూరం నుండి తీసుకోమన్నది. అద్దం రోజూ అబద్ధమాడుతుందట.

పెళ్ళికి ముందే ఆ అమ్మాయికి అంతా చెప్పినాడట. ఆమె నవ్వి, తన తండ్రి ఫోటో ఒకటి పంపినది. మాఘంలో పెళ్ళి జరిగినది. ఇప్పుడు నిజాంపేటలోనే వేరే ఫ్లాటులో ఉంటున్నారు. ఉదయం ఒక మి.లీ., రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందు ఒక మి.లీ.; తన దిండు గలీబు వేరు చేసుకొన్నాడు. కిందటి నెల ఫోటోలో రూపాయి బిళ్ళ పెరగలేదు.